వాళ్లు కుడితే హాబీ, మనం కుడితే మచ్చా?

మా అక్క కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. పోయిన వేసవిలో ఒక శనివారం పూట లెదర్ క్రాఫ్ట్ వర్క్‌షాప్‌కు వెళ్లి, కార్డులు పెట్టుకునే చిన్న పర్సు ఒకటి కుట్టుకుంది. దాన్ని చూపించడానికి తుంబలహళ్లి వచ్చింది. ఆ మూడు గంటల పాఠానికి అది కట్టిన డబ్బు, మా నాయన ఆ రోజుల్లో నెలంతా చెప్పులు కుట్టినా కళ్లచూడని డబ్బు.

నాయన పర్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు సూదుల కుట్టే కదమ్మా ఇది. చివర్లో రెండు కుట్లు వెనక్కి వేయలేదు, విడిపోతుంది" అన్నాడు.

"తాతా, నీకెట్లా తెలుసు?" అంది పిల్ల.

ఇరవై ఆరేళ్ల పిల్లకు తన తాత తోలు పని చేసినవాడని తెలియదు. తప్పు పిల్లది కాదు. మేమే చెప్పలేదు. అక్కకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో నాయన ఆరె, రంపె, కొయ్య దిమ్మె అన్నీ గోనెసంచిలో కట్టి అటక ఎక్కించాడు. సంఘంలో మా పక్కన కూర్చునే విశ్వాసులు మా ఇంటికొస్తే అవి కంటపడకూడదని. ఏసు రక్తంలో కడగబడ్డామని పాడుకునే మనుషులం, ఒక ఆరెను దాచుకున్నాం.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొంచెం ఘాటుగా ఉంటే ఉండనీయండి.

మా ధర్మపురి జిల్లాలో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఊరి పేర్లలో కన్నడం. తుంబలహళ్లి అన్న పేరే చూడండి. ఇక్కడ తెలుగు మాట్లాడే తోలు పని కులాలను తమిళనాడు ప్రభుత్వం 2009లో అరుంధతియర్ అన్న పేరు కింద చేర్చి, షెడ్యూల్డ్ కులాల వాటాలో 3 శాతం కేటాయించింది. ఆ చట్టంలోని ఏడు పేర్లలో మాదిగ ఉంది, ఆది ఆంధ్ర ఉంది. అంటే సరిహద్దు దాటినా మన పేర్లు మనతోనే వచ్చాయి. అయితే బాప్తిస్మం తీసుకున్నవాడికి ఆ 3 శాతం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. సిక్కులను 1956లో చేర్చారు, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని ఇప్పటికీ బయటే ఉంచారు. ఇక్కడ మనం బీసీలం, ఆంధ్రలో బీసీ-సీ. కాగితం మీద కులం పోయింది. టీకొట్టు దగ్గర పోయిందా? చర్చి శ్మశానంలో పోయిందా?

ఇక ఈ హాబీ సంగతి. నగరాల్లో ఇప్పుడు తోలు పని పెద్ద ముచ్చట. కిట్లు అమ్ముతున్నారు, వీడియోలు చేస్తున్నారు, చేత్తో కుట్టిన బెల్టుకు రెండింతలు ధర పెడుతున్నారు. దాని మీద నాకేం కోపం లేదు. చేతిపని నేర్చుకునేవాళ్లు ఎవరైనా మంచిదే. నా కోపమంతా ఇంకో చోట. మా పిల్ల వెళ్లిన చోట పాఠం చెప్పినాయన ఈ కుట్టు యూరప్ జీను పనివాళ్లదని చెప్పాడట. అక్కడా ఉంది, నిజమే. మరి ఆ హాలు కింద ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని కూర్చున్న మనిషి చేతిలో ఉన్నదేమిటి? అతని పేరు ఆ పాఠంలో ఎందుకు రాదు?

పేరు చెరిపేయడం మన దేశానికి పాత అలవాటే. మృదంగానికి తోలు బిగించి, నాదం పలికేలా చేసేవాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. వాళ్ల గురించి టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, 2020లో దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. వాయించేవాడు విద్వాన్, బిగించేవాడు ఎవరో. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, బెల్లంలో తుప్పు ఇనుము పులియబెట్టిన నీళ్లతో గీస్తే నల్లగీత పడుతుంది. అది కళ. అదే కరక్కాయతో తోలు పదును చేసి, అదే ఇనుము నీళ్లతో నలుపెక్కిస్తే అది మైల. రసాయనం ఒకటే. చేసిన చేయి వేరు, అంతే.

బయటివాళ్ల సంగతి సరే. మన సంఘాల మాటేమిటి?

పేతురు దర్శనం మీద మీరు ఎన్ని ప్రసంగాలు విన్నారు? నాలుగు మూలలా పట్టి దింపిన దుప్పటి, అందులోని జంతువులు, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనవద్దన్న హెచ్చరిక, ఇవన్నీ చెబుతారు. ఆ దర్శనం ఎవరి మిద్దె మీద వచ్చింది? యొప్పేలో, సముద్రం పక్కన, సీమోను అనే చర్మకారుడి ఇంటి మిద్దె మీద. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివర, 10వ అధ్యాయంలో రెండు చోట్ల, లూకా ఆ వృత్తిని పేరుతో సహా రాశాడు. యూదులు ఆ పనిని ఎంత హీనంగా చూసేవారో తెలిసే రాశాడు. పేతురు ఆ ఇంట్లో చాలా రోజులు ఉన్నాడు, ఆ ఇంటి అన్నమే తిన్నాడు. లంద వాసన పీల్చుకుంటూ ప్రార్థన చేసిన అపొస్తలుడికి ఆ దర్శనం వచ్చింది. మన ప్రసంగికులు దుప్పటి చూపిస్తారు, మిద్దె దాటేస్తారు.

మన తెలుగు సంఘం పుట్టుక కూడా అలాంటి ఇంట్లోనే. ఒంగోలు ప్రాంతపు ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. తోళ్ల కోసం ఊళ్లు తిరుగుతూ సువార్త విన్నాడు, 1860ల్లో బాప్తిస్మం పొందాడు, తిరిగిన ఊళ్లలోనే తనవాళ్లకు చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, దాని వెనుక మిషనరీ క్లౌ ఒక్కడే లేడు, ఈ తోళ్ల వ్యాపారి కాళ్లు కూడా ఉన్నాయి. సండే స్కూలు పిల్లల్ని అడగండి, క్లౌ పేరు చెబుతారు.

ఇక్కడ ఒకరు అడ్డం వస్తారని తెలుసు. "అంబేద్కర్ ఆ పనులు వదలమన్నాడు కదా, నువ్వు మళ్లీ తోలు పట్టుకోమంటావా?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు వదలమనే. ఊరివాళ్ల చచ్చిన గొడ్డును ఈడ్చడం మన విధి కాదు, కూలి లేకుండా చెప్పులు కుట్టివ్వడం మన విధి కాదు. ఆ పని చేసినా దెబ్బలే. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న ఇద్దరు మాదిగ అన్నదమ్ములను గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు కట్టేసి కొట్టారు. కాబట్టి నేను వెట్టి గురించి మాట్లాడడం లేదు. వెట్టిని విడిచిపెడుతూ, దానితోపాటు చేతిలోని విద్యనూ అవమానంగా లెక్కగట్టి పారేశాం. ఆ విద్యను ఇప్పుడు ఎవరో సీసాలో పోసి మనకే అమ్ముతున్నారు.

సరే, చేసి చూపించాలి కదా. నాయన అటక మీది సంచి దించాడు. సెలవుల్లో నెల రోజులు పిల్ల, నేను, సంఘంలోని ఆరుగురు కుర్రాళ్లు ఆయన ముందు కూర్చున్నాం. నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తోలు. మొదటిసారి కొనేవాళ్లు చెట్టు బెరడుతో పదును చేసిన తోలు అడగండి. మన వైపు దానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. బతుకమ్మలో పేర్చే పువ్వు చెట్టే అది, తమిళంలో ఆవారం. ఈ తోలు గట్టిగా ఉంటుంది, అచ్చు పడుతుంది, అంచు రుద్దితే మెరుస్తుంది, ఎండకు రంగు ముదురుతుంది. క్రోమ్ తోలు మెత్తన, సంచులకు బాగుంటుంది గానీ అంచు మెరవదు. తేడా పట్టాలంటే కోసిన అంచు చూడండి. మధ్యలో నీలి బూడిద రంగు కనిపిస్తే చాలావరకు క్రోమే. రంగు వేయని తోలు మీద నీటిచుక్క వేస్తే బెరడు తోలు పీల్చుకుని నల్లబడుతుంది. రెక్సిన్ అయితే వెనక బట్ట కనిపిస్తుంది. మన బైబిలు కవర్లు ఎక్కువ అవే, రెండేళ్లకు పొరలు లేస్తాయి.

చెన్నైలో అయితే పెరియమేడు, మాకు దగ్గర ఆంబూరు. నిండు తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. నేర్చుకునేవాళ్లకు అది దండగ, తుండ్లు కిలోల లెక్కన తెచ్చుకోండి. మందం అడిగి తీసుకోండి. పర్సుకు మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర, బైబిలు కవరుకు ఒకటిన్నర నుంచి రెండు, బెల్టుకు మూడు నుంచి నాలుగు. బెల్టును ఎప్పుడూ వెన్ను పక్కన, వెన్ను పొడవునా కోయాలి. కడుపు వైపు తోలు సాగిపోతుంది. "బొజ్జ తోలు బెల్టు కడితే నెలకో కన్నం పొడవాలి" అని నాయన నవ్వాడు.

కత్తికి ఉక్కు స్కేలు ఆసరా పెట్టి, ఒక్క కోతలో తెగ్గొట్టాలని చూడకుండా రెండు మూడు సార్లు లాగండి. మొద్దు కత్తే వేళ్లు కోస్తుంది. కన్నాల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు చాలు. గుర్తు పెట్టే పనిముట్టు లేకపోతే అన్నం తినే ఫోర్కు ముళ్లతో నొక్కండి, మా కుర్రాడొకడు అలాగే చేశాడు. దారానికి తేనెమైనం పట్టించాలి. కుట్టు పొడవుకు నాలుగింతల దారం తీసుకుని రెండు కొసలకూ రెండు మొండి సూదులు. ప్రతి కన్నంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్లాలి, ఏ సూది ముందో ఆ వరుస మారకూడదు. మిషన్ కుట్టులో ఒక చోట దారం తెగితే కుట్టు విడిపోతూ పోతుంది. దీనిలో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. చివర్లో రెండు మూడు కుట్లు వెనక్కి. పిల్ల వర్క్‌షాప్‌లో వదిలేసింది అదే.

ఇనప సామాను దగ్గర మోసపోకండి. బకిలు, రింగు కొనేటప్పుడు అయస్కాంతం జేబులో పెట్టుకోండి. అంటుకుంటే లోపల ఇనుము. అంటుకోకపోయినా ఇత్తడని నమ్మకండి, వెనక మూల కాస్త ఆకురాయితో గీయండి. పసుపు కింద తెలుపు కనిపిస్తే జింకు మీద పూత. బెరడు తోలుకు తడి ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతుంది, కలంకారీ నలుపు లాంటిదే. అందుకే ఇత్తడి. నొక్కు గుండీ, రివెట్టు కాడ పొడవు తోలు మందానికి సరిపోవాలి. పొడవెక్కువైతే వంకర తిరుగుతుంది, తక్కువైతే ఊడి చేతికొస్తుంది. బరువు మోసే సంచి పట్టీకి టోపీ రివెట్లు నమ్మొద్దు, రాగి రివెట్టు కొట్టండి లేదా కుట్టండి. బంక రాసేటప్పుడు కిటికీలు తెరవండి. నాయన తరం మూసిన గదుల్లో ఆ వాసన పీల్చింది, ఆయన దగ్గు దాని గుర్తో కాదో దేవుడికి తెలుసు.

తోలు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలిసి కొనండి. మా పక్కనే పాలారు. తోళ్ల ఫ్యాక్టరీల మురుగుతో ఆ నది, దాని ఒడ్డు పొలాలు, బావులు ఏమయ్యాయో చూసి 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు కేసులో కాలుష్యం చేసినవాడే మూల్యం కట్టాలని తీర్పు ఇచ్చింది. అంతటితో ఆగిందా? 2015 జనవరి 31న రాణిపేటలో మురుగు శుద్ధి కేంద్రపు తొట్టి గోడ కూలి, నిద్రలో ఉన్న 10 మంది కార్మికులు ఆ బురదలో చనిపోయారు. మనం మెచ్చుకుంటూ తడుముకునే మెత్తని పర్సులో వాళ్లూ ఉన్నారు. తోలు మానేయమని నేననను. బెరడు తోలుకూ మురుగు ఉంటుంది, రెక్సిన్ ప్లాస్టిక్కే. తక్కువ కొనండి, తెగితే కుట్టించుకోండి. కుట్టినవాడికి బేరమాడకుండా కూలివ్వండి.

యువజన కూటాల్లో గిటారు నేర్పుతున్నారు, కీబోర్డు నేర్పుతున్నారు. మంచిదే. నెలకో ఆదివారం మధ్యాహ్నం సంఘంలోని ఒక పెద్దాయన్ని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆరె పట్టడం నేర్పమని అడగండి. నేర్పినందుకు చేతిలో డబ్బు పెట్టండి, దండ ఒక్కటే వేసి పంపకండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. మా నాయన మొదటి వారం తలుపు వేసి నేర్పాడు. రెండో వారం తలుపు తీశాడు. మూడో వారం అరుగు మీద కూర్చున్నాడు, దారిన పోయేవాళ్లు చూస్తుండగా.

ఆ నెలాఖరున మా చర్చిలో కానుకల సంచి పట్టీ తెగింది. నాయన పాత పట్టీ తీసేసి కొత్త వారు కోసి, ఇత్తడి రింగు వేసి కుట్టిచ్చాడు. ఆదివారం ప్రకటనల్లో ఫ్యాను బాగుచేయించిన కుటుంబానికి, పూలు తెచ్చిన కుటుంబానికి వందనాలు చెప్పారు. సంచి ఊసు రాలేదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి మా అక్క కూతురే వెళ్లి అడిగింది. వచ్చే వారం చెబుతానన్నారు. వచ్చే వారం మేమంతా ముందు వరుసలో కూర్చుంటున్నాం.