రాజుగారి మేడా? మెట్లు లేని గదా?

ఏం వదినలూ, మధ్యాహ్నం వంట ముగించి, గిన్నెలు బోర్లించి, ఇప్పుడే కాస్త నడుం వాల్చారా? అయితే ఈ వారం పప్పూ ఉప్పూ పక్కన పెట్టి, మనకు బొత్తిగా అలవాటు లేని సంగతి ఒకటి మాట్లాడుకుందాం. పెద్ద హోటల్లో గది ఎలా ఎంచుకోవాలి అని! "మనకెందుకమ్మా ఆ గొడవ? మనం వెళ్ళేదా, ఉండేదా?" అనకండి. నేనూ అలాగే అనేదాన్ని, కిందటి సంక్రాంతి వరకు.

మా అత్తగారికి డెబ్బై మూడేళ్ళు. నేను పార్వతీపురం కాపురానికొచ్చి ఇరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడ నాకంటే ఆలస్యంగా లేచిన రోజు లేదు. సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలు వచ్చి "అమ్మమ్మా, నీకేం కావాలి?" అని సరదాగా అడిగారు.

"నాకేటి కావాలర్రా! ఒక్క పూట నేను లేచీసరికి ఎవరో కాఫీ అట్టుకొచ్చి సేతికియ్యాల. తిన్న కంచం నేను తియ్యకూడదు. అదీ ఆ చార్మినారున్న ఊర్లో అయితే మరీ బాగు" అందావిడ.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పెట్టిన కాఫీ తాగుతున్నదాన్ని నేనే కదా!

అప్పటికి నా చీటీ డబ్బు నలభై వేలు చేతికొచ్చి ఉంది. "గాజులు చేయించుకుంటానన్నావు?" అన్నారు మావారు. "గాజులు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. అత్తయ్య మోకాళ్ళు మాత్రం ఆగేలా లేవు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే మీరిద్దరే వెళ్ళి రండి. నేను పెరుగన్నం తిని ఇల్లు చూసుకుంటాను" అన్నారు.

ఇక మొదలైంది అసలు కథ. విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్లో వెతికి, "అమ్మా, వెళ్తే ఫలక్‌నుమాకే వెళ్ళాలి!" అంది. ఫొటోలు చూస్తే నిజంగానే కళ్ళు తిరిగాయి. విజయనగరం కోట, బొబ్బిలి కోట చూసిన కళ్ళే నావి. అయినా ఇది వేరు. 1884లో నిజాం దగ్గర పెద్ద జాగీర్దారైన వికార్ ఉల్ ఉమ్రా కట్టించడం మొదలుపెట్టాడట. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికొచ్చింది. ఇటలీ పాలరాయి మెట్లు, నూటొక్కమంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల! (ఆ బల్ల తుడిచేవాళ్ళ సంగతేమిటా అని నాకు వెంటనే అనిపించింది. మీకూ అనిపించే ఉంటుంది.)

తర్వాత ఆ మేడ చాలా ఏళ్ళు మూతబడే ఉంది. ఇల్లు నెల రోజులు తాళం వేస్తేనే బూజు, చెద ఎలా పడతాయో మనకు తెలియంది కాదు. తాజ్ సంస్థ లీజుకు తీసుకున్నాక, నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా రాణిగారి పర్యవేక్షణలో దాదాపు పదేళ్ళు బాగు చేసి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. అయితే గది ధర తేదీని బట్టి మారుతుంది. నా చీటీ డబ్బు ఒక్క రాత్రికి చాలుతుందో చాలదో అన్నట్టుంది!

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు వెంటనే గుర్తొచ్చింది నాలుగేళ్ళ కిందటి మా అనుభవం. ఒక పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళి, ఫొటోలు చూసి ఒక హోటల్లో దిగాం. పేరొద్దులెండి. "చార్మినార్ దగ్గరే" అని రాశారు, తీరా చూస్తే ఆటోలో ముప్పావు గంట. లిఫ్టు ఉందన్నారు, కానీ అది ఎక్కాలంటే ముందు పద్నాలుగు మెట్లు ఎక్కాలి. స్నానాల గదిలో తెల్లటి పెద్ద తొట్టి. దాని గోడ నా మోకాలెత్తు. లోపలికి కాలు వేస్తూ జారి, మావారి చెయ్యి పట్టుకుని బతికిపోయాను. అక్కడ ఉండాల్సింది మా అత్తగారయితే?

అప్పుడు తెలిసొచ్చింది. హోటల్ మంచిదా కాదా అని కాదు, మన వెంట వచ్చే మనిషికి మంచిదా కాదా అని చూసుకోవాలి. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి, దారం లాగి చూడమూ? గదికి మాత్రం ఫొటో చూసి డబ్బు కట్టేయడం ఏం న్యాయం? అందుకే ఈసారి కాగితం మీద రాసుకుని మరీ ఫోన్ చేశాను. నేను అడిగినవి మీకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

1. నక్షత్రాలు ఎవరిచ్చారు? బోర్డు మీద ఎవరైనా ఎన్నైనా రాసుకోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖవాళ్ళు వచ్చి పరిశీలించి ఇచ్చే గుర్తింపు వేరే ఉంది. అది అయిదేళ్ళకొకసారి మళ్ళీ తీసుకోవాలి. 1950కి ముందు కట్టిన కోటలు, మేడలు హోటళ్ళయితే వాటికి 'హెరిటేజ్' అని వేరే వర్గం. ఫోన్లో కనిపించే చుక్కలు జనం వేసే మార్కులు మాత్రమే. రెండూ కలిపి చూసుకోండి.

2. గది ఎన్ని గంటలకిస్తారు? మనం రాత్రి రైలెక్కి తెల్లవారి దిగుతాం. పెద్ద హోటళ్ళలో గది ఇచ్చేది మామూలుగా మధ్యాహ్నం రెండింటికి. ఆ ఆరేడు గంటలు పెద్దావిడను ఎక్కడ కూర్చోబెడతాం? ముందే అడిగితే ఖాళీని బట్టి తొందరగా ఇస్తారు. లేకపోయినా సామాను వాళ్ళ దగ్గర పెట్టుకుంటారు.

3. మనం చూడాలనుకున్నవి ఎంత దూరం? చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్ దగ్గరదగ్గరగా పాతబస్తీలో ఉన్నాయి. సాలార్ జంగ్ మ్యూజియం కూడా ఆ దాపులదే. గోల్కొండ మాత్రం పడమట, దూరం. బేగంపేట, బంజారాహిల్స్ వైపు పెద్ద హోటళ్ళలో దిగితే పాతబస్తీకి వెళ్ళేసరికి ట్రాఫిక్కులో గంట పట్టినా పట్టొచ్చు. ఇంకో మాట. చౌమహల్లాకు, సాలార్ జంగ్‌కు శుక్రవారం సెలవు. రైలు టిక్కెట్టు తీసేముందే చూసుకోండి.

4. మెట్లెన్ని? వీధి గుమ్మం నుంచి గది వరకు ఎన్ని మెట్లున్నాయో లెక్క చెప్పమనండి. తొట్టి లేకుండా నిలబడి స్నానం చేసే చోటు, పట్టుకోవడానికి కడ్డీ, ఒక ప్లాస్టిక్ స్టూలు, బకెట్, మగ్గు అడగండి. సిగ్గు పడకండి. అడిగితే తెచ్చి పెడతారు.

5. అద్దెలో తిండి కలిసిందా? 'ఈపీ' అంటే ఒట్టి గదే. 'సీపీ' అంటే గదితోపాటు పొద్దుటి టిఫిను. 'ఎంఏపీ' అంటే టిఫినుతోపాటు ఒక పూట భోజనం. ఒట్టి గది చవగ్గా కనిపిస్తుంది. కానీ లోపల ఇడ్లీ ధర చూస్తే మన గుండె జారుతుంది.

6. పన్నుతో కలిపి ఎంత? రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి నూటికి 18 రూపాయలు జీఎస్టీ. అంతవరకు ఉన్నవాటికి 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 5 అయింది. మాకు చెప్పిన ధర 9,000. పన్ను 1,620. మొత్తం 10,620. మొదటి అంకె విని సంచిలో డబ్బు లెక్క వేసుకోకండి.

7. బిల్లులో 'సర్వీస్ ఛార్జీ' అని కనబడితే? దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే సరైనదంది. తీసేయమని నెమ్మదిగా అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. గదిలో చిన్న ఫ్రిజ్‌లో పెట్టిన పప్పులు, చాక్లెట్లు ఊరికే ఇచ్చినవి కావు. తిన్నవాటికి బిల్లు వేస్తారు. పిల్లలకు ముందే చెప్పండి.

8. ప్రయాణం ఆగిపోతే డబ్బు తిరిగొస్తుందా? తక్కువ ధరకిచ్చే గదులకు చాలాసార్లు తిరిగివ్వరు. పెద్దవాళ్ళతో ప్రయాణమంటే ఏ క్షణం ఏమవుతుందో చెప్పలేం. నాలుగైదు వందలు ఎక్కువైనా తిరిగిచ్చేదే తీసుకున్నాను.

ఫోనెత్తిన అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఒక్క క్షణం నోరు పెగల్లేదు. "అమ్మా, తెలుగులో చెప్పు తల్లీ" అన్నాను. వెంటనే తెలుగులోకి వచ్చేసి, అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చింది. మన ఇంటర్మీడియట్ చదువుకి ఇవన్నీ ఎందుకులే అని ఇన్నాళ్ళూ భయపడ్డానే, అనుకున్నాను.

చివరికి ఏం చేశామంటే, పడుకోవడానికి మెట్లు లేని కొత్త హోటలు, చూడ్డానికి రాజుగారి మేడ! చౌమహల్లా నిజాములు దర్బారు చేసిన చోటు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళొచ్చు. బెల్జియం గాజు దీపాల గుత్తుల కింద మా అత్తగారు తల పైకెత్తి అలా ఉండిపోయారు. "ఒలమ్మ! ఇయ్యన్నీ తుడిసీదెవరే?" అన్నారు చివరికి. అదిగో, మా ఇంటి మాటే! ఫలక్‌నుమా మీద మోజున్నవాళ్ళు ముందుగా బుక్ చేసుకుని టీకో భోజనానికో వెళ్ళి రావచ్చు. ఫోన్ చేసి కనుక్కోండి.

సాయంత్రం చార్మినార్ ఎక్కలేదు. కింద కుర్చీ అడిగి వేయించుకుని, 1591 నుంచి నిలబడున్న ఆ మినార్లను ఆవిడ తీరిగ్గా చూశారు. లాడ్ బజార్‌లో కొంగు ముడి విప్పి, తన పింఛను డబ్బుతో ఎర్ర లక్క గాజులు జత కొని నా చేతికి తొడిగారు. "నీ సీటీ గాజులు నా మూలాన పోనాయి కదే" అన్నారు. ఆ గాజులకు 2024లో ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు వచ్చిందని తర్వాత మా అమ్మాయి చెప్పింది. అదేమీ తెలియకముందే నాకవి బంగారమయ్యాయి.

రాత్రి పడుకునేముందు, పొద్దున్న ఆరింటికి గదికి కాఫీ పంపమని రహస్యంగా కిందికి ఫోన్ చేశాను. కానీ వదినలూ, మెలకువ వచ్చి చూద్దును కదా, అయిదున్నరకే ఆవిడ లేచి, పక్క దుప్పటి ముడతల్లేకుండా సర్ది, బల్ల మీద ఉన్న కరెంటు కెటిల్లో నీళ్ళు కాచి, పొట్లం చింపి కాఫీ కలిపి నా మంచం దగ్గర నిలబడి ఉన్నారు!

"అత్తయ్యా, ఏమిటిది?" అన్నాను. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆరింటికి తలుపు చప్పుడైంది. తెల్ల చొక్కా అబ్బాయి పళ్ళెంలో కాఫీ తెచ్చి, "అమ్మగారూ, కాఫీ" అని ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చెంగు సర్దుకుని, రెండు చేతులా అందుకుని, చివరి చుక్క దాకా తాగారు. అలవాటున కప్పు కడగడానికి లేవబోయారు. నేను భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చాక అలారం పెట్టుకుని ఆదివారాలు నేనే ముందు లేస్తున్నాను. ఇప్పటికి ఆరు ఆదివారాల్లో నాలుగు నేను గెలిచాను, రెండు ఆవిడ గెలిచారు.

మీ ఇంట్లో పెద్దావిడకు ఏం కావాలో ఎప్పుడైనా అడిగారా? అడిగి చూసి, ఏమన్నారో నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ మన వంటగదిలోనే కలుద్దాం. ఊరగాయ జాడీలు తీసి ఎండలో పెట్టుకోండి.