నికాహ్‌నామా లేని భార్యకు వాటా ఉందా?

కంభం నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఇరవై రెండేళ్ల క్రితం ఆమెకు నికాహ్ జరిగింది. భర్తకు అప్పటికే భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు. నికాహ్ ఇంట్లోనే జరిగింది, పత్రం రాయలేదు. నికాహ్ చదివించిన మౌల్వీ సాహెబ్ కాలం చేశారు. ఈ ఏడాది భర్త కూడా మరణించారు. చెరువు కింద ఎనిమిదెకరాల మాగాణి ఉంది. “నీవు మా నాన్నకు వండిపెట్టిన మనిషివే తప్ప భార్యవు కావు” అని మొదటి భార్య కుమారులు అంటున్నారట. ఆమెకు పదహారేళ్ల కుమార్తె ఉంది. పత్రం లేనందువల్ల తన నికాహ్ అబద్ధమవుతుందా అని ఆమె ప్రశ్న.

కాదు సోదరీ. సాక్షుల ఎదుట ఈజాబు, ఖుబూలు జరిగితే నికాహ్ అయినట్లే. పత్రం దానికి రుజువు మాత్రమే. మన రాష్ట్రంలో 2002లో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం కూడా నమోదు కాని వివాహం చెల్లదని అనలేదు. అయితే కోర్టులో రుజువు చేయవలసిన భారం మీదే.

ఆ రుజువు మొదట మనుషుల వద్ద ఉంటుంది. నికాహ్‌కు సాక్షులుగా కూర్చున్నవారు, వలీమా భోంచేసినవారు ముందుకు రావాలి. “వలీమా తిన్న పెద్దలే ఇప్పుడు మాకెందుకని తప్పుకుంటున్నారు” అని మీరు రాశారు. ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువగా బాధించిన మాట అదే. సాక్ష్యాన్ని దాచవద్దని అల్ బఖరా సూరా ఆజ్ఞాపించిందని జమాఅత్ పెద్దలకు ఎవరైనా గుర్తుచేయాలి.

రెండవది మీరు గడిపిన జీవితం. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, కుమార్తె జనన ధ్రువపత్రం, బడి రిజిస్టరు, ఆసుపత్రిలో భర్తగా ఆయన చేసిన సంతకం, బ్యాంకు నామినీ కాగితం... ఏదీ పారవేయకండి. స్త్రీ పురుషులు దీర్ఘకాలం కలిసి జీవించి, పురుషుడు ఆమెను భార్యగానే చూస్తే వివాహం జరిగినట్లు భావించవచ్చన్న సూత్రాన్ని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1844లోనే అంగీకరించింది. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన చాలదు. భార్యగా గౌరవించినట్లు కనబడాలి.

ఇటువంటి వివాదమే నూరేళ్ల క్రితం ఇమాంబందీ, ముతసద్దీ కేసులో వచ్చింది. 1906లో ఇస్మాయిల్ అలీ ఖాన్ మరణించగా, భార్యలలో ఒకరైన జోహ్రా తన వాటాను, మైనర్లయిన ఇద్దరు బిడ్డల వాటాలను అమ్మివేశారు. ఆమె అసలు భార్యే కాదని మిగిలిన ఇద్దరు వితంతువులు వాదించారు. న్యాయస్థానాలు ఆమెను భార్యగానే తేల్చాయి. కాని 1918లో ప్రీవీ కౌన్సిల్, మైనర్ల ఆస్తిని అమ్మే అధికారం తల్లికి లేదంటూ బిడ్డల వాటాల అమ్మకాన్ని కొట్టివేసింది. కనుక రాజీ పేరుతో ఎవరు తొందరపెట్టినా, మీ అమ్మాయి వాటాపై మీరు సంతకం చేయకండి.

ఇక వాటాల సంగతి. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తొలగించింది. కంభం అప్పుడు ఆ రాష్ట్రపు కర్నూలు జిల్లాలోనే ఉంది. కనుక పొలంలో మీకేమీ రాదన్న మాట చెల్లదు. ముందు అప్పులు తీరాలి. చెల్లించని మహర్ కూడా అప్పే, భర్త మరణించిన మూడేళ్లలోగా దానికి దావా వేయాలి. ఆయన తల్లిదండ్రులు జీవించి లేరనుకుంటే, ఎనిమిదెకరాలలో ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం, ఇద్దరు భార్యలకు చెరి సగం. మిగిలిన ఏడెకరాలలో ఒక్కొక్క కుమారునికి 2 ఎకరాల 80 సెంట్లు, మీ కుమార్తెకు 1 ఎకరం 40 సెంట్లు. నికాహ్‌లో లోపముందని, అది ఫాసిద్ అని తేలితే మీ అర ఎకరం పోవచ్చు గాని కుమార్తె వాటా పోదు. 2019లో సుప్రీంకోర్టు అటువంటి వివాహపు బిడ్డకు తండ్రి ఆస్తిలో హక్కును నిలబెట్టింది.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఈ వివాదాన్ని తేల్చలేదు. భార్యనని ప్రకటించమని, ఆస్తి పంచమని సివిల్ కోర్టునే కోరాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు కోర్టులలో విచారించండి.

సాక్షులలో ఒకాయన మంచం పట్టారని రాశారు. దావా వేసిన వెంటనే, కమిషన్ ద్వారా ఇంటి వద్దనే ఆయన వాంగ్మూలం నమోదు చేయించమని వకీలును అడగండి.