సామరస్యం అంటే సర్దుకుపోవడం కాదు

వేరే సంస్కృతివారితో ఎలా మెలగాలో నేర్పే శిక్షణలు ఈ రోజుల్లో కంపెనీల్లోనూ కాలేజీల్లోనూ జరుగుతున్నాయి. జపాన్ వారికి విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, ఫలానా దేశంవారు సూటిగా మాట్లాడతారు అంటూ ఒక పట్టిక చేతికిస్తారు. అది కొంత ఉపయోగమే. కానీ పట్టిక బట్టీ పట్టినంత మాత్రాన ఎదుటి మనిషి మాట వినడం రాదు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు నోరు మూసుకోవాల్సి వస్తుందో ఆ పట్టిక అడగదు. ఈ విషయంలో ప్రాచీన చైనా జ్ఞానుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉందని మేము భావిస్తున్నాం.

జువాంగ్‌జి గ్రంథంలో ఒక కథ ఉంది. లూ రాజ్యానికి ఒక సముద్రపక్షి వచ్చింది. రాజు దానిని ఆలయానికి తెచ్చి, మద్యం పోసి, సంగీతం వినిపించి, బలిమాంసం వడ్డించాడు. బెదిరిపోయిన పక్షి ఏమీ ముట్టక మూడు రోజుల్లో చనిపోయింది. రాజుకు ప్రేమ లేక కాదు. తనకు నచ్చేవే పెట్టాడు, పక్షికి ఏం కావాలో ఆలోచించలేదు.

ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుకుంటామో అదే వారికి చేయమని ప్రభువు చెప్పాడు (మత్తయి 7:12). మనకు ఇష్టమైనదే అందరికీ పెట్టమని దాని అర్థం కాదు. మనల్ని అడిగి, మన మాట విని సహాయం చేయాలని మనం కోరతాం. అదే మనం ఇతరులకు చేయాలి. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా యేసు అతనికి ఏమి కావాలో అతన్నే అడిగాడు.

రెండో పాఠం యాన్ యింగ్ అనే మంత్రిది. క్రీ.పూ. 522లో చీ రాజ్యపు ప్రభువు, ఫలానా కొలువుదారుకు నాతో మంచి సామరస్యం ఉందన్నాడు. అతను మీరన్నదే అంటాడు, అది సామరస్యం కాదన్నాడు యాన్ యింగ్. మన పులుసులాగే ఆయన చెప్పిన వంటకంలోనూ ఉప్పు, పులుపు, నీళ్లు, నిప్పు వేర్వేరుగా పనిచేస్తేనే రుచి. నీళ్లలో నీళ్లు పోస్తే ఎవరు తింటారు? ప్రభువు మాటలో తప్పుంటే చెప్పడమే మంత్రి సామరస్యం. కన్ఫ్యూషియస్ కూడా సామరస్యాన్నీ ఏకరూపతనూ వేరుచేసి చెప్పాడు.

అయితే ఒక జాగ్రత్త. ఇదే మాట అధికారం చేతిలో ఆయుధమవుతుంది. 2004 తర్వాత చైనా పాలకులు 'సామరస్య సమాజం' అనే నినాదం ఎత్తుకున్నారు. తమ రాతలను సెన్సారు తొలగిస్తే, వాటిని 'సామరస్యం చేసేశారు' అని అక్కడి ఇంటర్నెట్ యువత ఎగతాళి చేశారు. మనకూ ఇది కొత్త కాదు. 'మా ఊళ్లో అందరం కలిసే ఉంటాం' అని ఊరు అంటే, వాడను కూడా అడిగి చూడాలి.

యెరూషలేము సంఘంలో ఇదే పరీక్ష వచ్చింది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు లేచింది. అపొస్తలులు సర్దుకుపొమ్మనలేదు, మర్యాదల పాఠం చెప్పలేదు. సంఘం ఏడుగురిని ఎన్నుకుంది. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి పక్షానికే వడ్డించే బాధ్యత దక్కిందని దీన్నిబట్టి మేము గ్రహిస్తున్నాం.

మన సంఘాల్లో సంస్కృతుల గురించి నేర్పేది ఇక్కడినుంచే మొదలుకావాలి. బెంగళూరు, చెన్నై, ముంబైలలో పెరిగిన మన యౌవనస్థులు బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, ఆరాధనలో మరో తెలుగు మోస్తున్నారు. వాళ్లకు తెలుగు రావడంలేదని బాధపడే పెద్దలు, ఏ పాట, ఏ ప్రసంగం వాళ్లకు అందడంలేదో ఒకసారి అడగాలి. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే దళితులు ఎందరో ఉన్నారు. వారికోసం కార్యక్రమం వేసేముందు వారి వీధిలో కూర్చుని వినాలి. వారిలో ఒకరిద్దరు నిర్ణయించే కమిటీలో ఉండాలి.

యౌవనస్థులారా, మీ సంఘంలో వచ్చే కూటానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ అందరికీ వడ్డిస్తున్నాం సరే, గరిటె ఎవరి చేతిలో ఉంది?