పేరు రాణిది, పునాదిఱాయి మనది

బొబ్బిలి కోట కథ తెలియని తెలుఁగువాఁడు లేఁడు. 1757 జనవరి 24వ తేదిని విజయనగర ప్రభువు విజయరామరాజు బుస్సీ ఫిరంగుల నండగాఁ గొని పైఁబడుటయు, తాండ్ర పాపారాయఁడు పగ తీర్చుకొనుటయు మన పిల్లలు సైతము చెప్పఁగలరు. యుద్ధస్మారక స్తంభమును బొబ్బిలివారు యాత్రికులకుఁ జూపి గర్వింతురు. గర్వింపఁదగినదే. కాని యా విజయనగర వంశమువారే నూట యిరువదియాఱేండ్లకుఁ బిదప, సంహారమునకుఁ గాక సభలకును నాటకములకును వేసిన పునాదిఱాతిని మనలో నెందఱెఱుంగుదురు?

చెన్నపురి సెంట్రల్ స్టేషనులో దిగి పడమరగా నాలుగడుగులు వేసినచో రిప్పను భవనమునకు ముందే ఎఱ్ఱయిటుకల విక్టోరియా హాలు కానవచ్చును. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినది పూసపాటి ఆనందగజపతి మహారాజు. చిషోల్ము అను శిల్పి స్వదేశ విదేశ రీతులను మేళవించి దానిని రూపించెను. ఇరుగుపొరుగు కట్టడములును చూడఁదగినవే. సెంట్రల్ స్టేషను 1873 నాఁటిది. తెల్లని రిప్పను భవనము 1913 నాఁటిది. మూరు మార్కెటు 1985లో అగ్గిపాలయ్యెను. హాలు మాత్రము నిలిచినది.

అందు జరిగినదేమి? 1891లో బళ్లారినుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభతో వచ్చి తెలుఁగు నాటకములాడిరి. వానిని జూచి యుత్తేజితుఁడై పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేఁడే సుగుణ విలాస సభను నెలకొల్పి తమిళ నాటకమున కొక క్రొత్తదారి తీసెను. 1897లో వివేకానందస్వామి యీ హాలుననే ప్రసంగించెను.

ఇంత చరిత్ర గల మందిరము ఏండ్లకొలఁది తలుపులు మూసికొని జీర్ణించెను. 2023లో చెన్నపురి కార్పొరేషనువారు మరమ్మతులకుఁ బూనిరి. తెలుఁగువారిలో దీనినిగూర్చి యడిగినవారెందఱు?

“రాణి పేరు పెట్టిన భవనము దాస్యచిహ్నము గదా!” యని కొందఱందురు. పేరు రాణిది. ధనమిచ్చినవారు, చెమటోడ్చినవారు, వేషము కట్టినవారు, చప్పట్లు చఱచినవారు మనవారు. పైపలకను జూచి లోని సంపదను పరులకు వదలుట దేశాభిమానమా?

“1953తో మద్రాసు మనకుఁ గాకపోయెను గదా!” యని మఱికొందఱందురు. రాష్ట్రపు సరిహద్దు గీఁత భూమిపైఁ బడినది, చరిత్రపైఁ బడలేదు. తమిళ సోదరుల రంగస్థలమునకుఁ దెలుఁగు నటులు దివ్వె ముట్టించిరనుట యిరువురకును గౌరవమే.

“ఆ ఱాయి వేసినవారు బొబ్బిలికిఁ బగవారు గదా!” యను మాట బొబ్బిలిలో వినవచ్చునేమో. వేదము వేంకటరాయశాస్త్రిగారు ఆ పగనే నాటకముగా మలఁచిరి. పగ నాటకమైన నాఁడే దాని విషము విఱిగినది. కత్తికిఁ గట్టిన స్తంభమునకు మ్రొక్కు చేతులు కళకుఁ గట్టిన గోడకు మ్రొక్కరాదా?

మేము కోరునవి రెండే. ఆ హాలులో ఆనందగజపతి పేరును, బళ్లారి నటుల పేరును తమిళముతోపాటు తెలుఁగునను స్పష్టముగాఁ జెక్కవలెను. రెండవది మన చేతిలోనిది. 1892లో కన్యాశుల్కము నాడించిన సీమ మనది; పనసమ్రాను తొలిచి వీణ చేయు గొల్లపల్లి బొబ్బిలి ప్రక్కనే యున్నది. కల్యాణమండపములకు లక్షలు గుమ్మరించు మన పురములు ఒక్కొక్క రంగశాలను శుభ్రముగా నిలుపుకొనలేవా? నిలుపుకొనలేనిచో స్తంభములను జూచి మీసము దువ్వుట మానుదము.