ఖాళీ పొలమే కదా అనేవారికి జవాబు

పాత పొలంలో ఇళ్ల ప్లాట్లు వేసేముందు పురావస్తు తవ్వకం జరగాలంటే చాలామంది విసుక్కుంటారు. అది కోటా కాదు, గుడీ కాదు, ఎప్పుడో ఒక రైతు కాపురమున్న చోటు, పైకి గోడ ముక్క కూడా కనిపించదు, దానికోసం పని ఆపాలా అంటారు. భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో దస్తావేజుల్లో ఉండగా మట్టి తవ్వి తెలుసుకునేదేమిటని కూడా అడుగుతారు. చదువుకున్నవాళ్లూ ఈ మాటే అంటుంటే ఊరుకోకూడదు. ఇది తప్పుడు వాదన. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఎవరీస్ రెస్ట్ అనే చోట జరిగిన పని చూస్తే ఎంత తప్పో తెలుస్తుంది.

ససెక్స్ కౌంటీలో, రెహోబోత్ బీచ్ పట్టణానికి దగ్గర్లో ఉంది ఆ చోటు. జాన్ ఎవరీ అనే కెప్టెన్ 1670లలో అక్కడ 800 ఎకరాల భూమితో కుటుంబ సమేతంగా స్థిరపడ్డాడు. అక్కడి న్యాయస్థానంలో న్యాయాధికారిగా కూడా పనిచేశాడు. 1682లో చనిపోయాడు. తర్వాత ఆ ఇల్లూ పోయింది, పశువుల పాకలూ పోయాయి, మిగిలింది దున్నిన నేల. 1970లలో అధికారులు ఆ స్థలాన్ని గుర్తించి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అయినా ఇళ్ల నిర్మాణం దాని మీదికి వచ్చింది. అప్పుడు, 2006లో, డెలావేర్ పురావస్తు సంఘానికి చెందిన స్వచ్ఛంద కార్యకర్తలు యజమానుల అనుమతితో తవ్వకం మొదలుపెట్టారు.

పైకి ఏమీ కనిపించదు కాబట్టి కిందా ఏమీ ఉండదనేది ఆ కాలపు ఇళ్లు తెలియక అనే మాట. 17వ శతాబ్దంలో ఆ తీరంలో చాలా ఇళ్లకు రాతి పునాదులు లేవు. గుంతలు తీసి, గుంజలు పాతి, వాటి మీద కలపతో ఇల్లు నిలబెట్టేవారు. గుంజ కుళ్లిపోతే ఆ గుంతలో మట్టి రంగు మారి మిగులుతుంది. నాగలి తగిలే పైపొర జాగ్రత్తగా తీసేస్తే ఆ నల్లని గుండ్రాలు వరసగా బయటపడతాయి. వాటిని కలుపుకుంటూ పోతే ఇంటి గోడ ఎక్కడిదో, దొడ్డి కంచె ఎక్కడిదో తేలుతుంది. నేలమాళిగ, బావి, చెత్త గుంత కూడా అలాగే దొరుకుతాయి. తవ్విన మట్టిని జల్లెడ పట్టి పెంకులు, ఎముకలు, మేకులు ఏరుతారు. మట్టితో చేసిన పొగాకు గొట్టాల ముక్కలు కూడా కాలం చెబుతాయి. 17వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దానికి వచ్చేసరికి వాటి కాడలోని రంధ్రం క్రమంగా సన్నబడిందని జె. సి. హారింగ్టన్ 1954లో చూపించాడు. అప్పటినుంచి ఆ రంధ్రాలు కొలిచి స్థలం వయసు అంచనా వేస్తున్నారు. బుల్డోజర్ ఒక్కసారి ఆ నేల మీద తిరిగితే ఆ గుండ్రాలూ ఉండవు, ఏ ముక్క ఏ గుంతలోదో చెప్పే దారీ ఉండదు.

ఇక దస్తావేజుల మాట. 2012లో ఆ నేలలో మొదటి సమాధి బయటపడింది. 2014 నాటికి మొత్తం పదకొండు. అవి 17వ శతాబ్దం చివరి కాలానివి. స్మిత్‌సోనియన్ సంస్థలో డగ్లస్ ఔస్లీ బృందం ఆ అస్థికలను పరీక్షించింది. ఎనిమిది మంది యూరప్ మూలాలవారు, ముగ్గురు ఆఫ్రికా మూలాలవారు. ఆ ముగ్గురినీ తక్కినవారికి కొంచెం ఎడంగా పాతిపెట్టారు. డెలావేర్‌లో అప్పటికి తెలిసిన బానిసల అవశేషాల్లో అవే అతి పాతవని 2017లో ప్రకటించారు. 2023లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. యూరప్ మూలాలవారిలో తల్లి వైపు నుంచి మూడు తరాల బంధుత్వం తేలింది. ఆఫ్రికా మూలాలున్న ముగ్గురిలో ఒక పెద్ద మనిషీ, ఒక చిన్న బిడ్డా తండ్రీబిడ్డలని తేలింది.

ఈ సంగతి ఏ దస్తావేజు చెప్పగలిగేది? దస్తావేజు రాసేది ఆస్తి ఉన్నవాడి కోసం. అందులో ఎకరాలుంటాయి, సరిహద్దులుంటాయి, సాక్షుల పేర్లుంటాయి. తన కొడుకునో కూతురినో పోగొట్టుకున్న, లేదా వాళ్లను వదిలి వెళ్లిపోయిన ఒక బానిస తండ్రి అందులో ఉండడు. ఆ తండ్రీబిడ్డల పేర్లు మనకు తెలియవు. వాళ్లున్నారని చెప్పింది మట్టి ఒక్కటే. రికార్డులు చాలని అనేవారు ఇలాంటివాళ్లు చరిత్రలో లేకపోయినా ఫరవాలేదని అంటున్నట్టే. వాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, ఫలితం మాత్రం అదే.

సమాధులు కదిలించడం అపచారం కాదా అని అడిగేవారున్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కదిలించకుండా ఉండగలిగితే అదే మేలు. కానీ ఇళ్లు కట్టబోతున్న నేలలో వాటికి ఎదురయ్యేది శాస్త్రవేత్త కుంచె, కాకపోతే యంత్రపు తొట్టి.

అభివృద్ధి ఆగిపోతుందనే భయానికి కూడా డెలావేర్‌లోనే జవాబుంది. 301 నంబరు కొత్త రహదారి దారిలో పడిన పాత రైతుల, కౌలుదార్ల ఇళ్ల స్థలాలను రాష్ట్ర రవాణా శాఖ ముందే తవ్వించింది. రోడ్డు 2019లో తెరుచుకుంది. మన దగ్గర నాగార్జునకొండ సంగతీ అంతే. లోయ మునిగేలోపు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకం జరిగింది. తవ్వకం సాగుతుండగానే 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. సాగరం నిండింది, రాతియుగం నుంచి మధ్యయుగం దాకా ఆ లోయ చరిత్రా దక్కింది.

ఈ రెండూ ప్రభుత్వం తలపెట్టిన పనులు. అసలు లోపం ప్రైవేటు భూమి దగ్గరుంది. అమెరికాలో 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం కేంద్ర ప్రభుత్వ డబ్బో, అనుమతో ఉన్న పనులకే ముందస్తు పరిశీలన తప్పనిసరి చేస్తుంది. సొంత భూమిని సొంత డబ్బుతో ప్లాట్లు చేసే యజమానిని జాతీయ జాబితాలో పేరుండటం ఆపదు. ఎవరీస్ రెస్ట్ దక్కింది యజమానుల మంచితనం వల్ల, సెలవు రోజులు ధారపోసిన మనుషుల వల్ల. పక్క పొలం యజమాని కాదంటే అడిగే దిక్కు లేదు. దీన్ని మార్చాల్సింది చట్టమే. ఇంగ్లండులో 1990 నుంచి నిర్మాణ అనుమతి ఇచ్చేముందు పురావస్తు పరిశీలన అడిగే పద్ధతి ఉంది. అక్కడ ఇళ్లు కట్టడం మానలేదు.

డెలావేర్‌లో, న్యూజెర్సీలో పొలాల మీద వెలిసిన కొత్త కాలనీల్లో తెలుగు కుటుంబాలు కూడా ఇళ్లు కొంటున్నాయి. కొత్త ప్లాట్లకు అనుమతినిచ్చే ముందు స్థానిక ప్రణాళికా సంఘాలు బహిరంగ విచారణ జరుపుతాయి, అందులో ఎవరైనా మాట్లాడవచ్చు. వెళ్లండి. రోడ్ల గురించి, బడుల గురించి ఎలాగూ అడుగుతారు. ఈ నేలను పురావస్తు శాస్త్రవేత్తలు చూశారా అని కూడా అడగండి.