రేణిగుంటకు హోదా.. అమెరికాకు దారి చెన్నై, బెంగళూరు!

తిరుపతి: కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. పురిటి సాయానికో, మనవళ్లను చూసేందుకో వృద్ధ దంపతులు ఒంటరిగా అట్లాంటిక్ దాటి వెళుతున్నారు. వీరికి విమానంలో గడిపే సమయం కన్నా విమానాలు మారడమే పెద్ద పరీక్ష. టికెట్టు కొనేటప్పుడు మాత్రం ధర ఒక్కటే చూస్తున్నారు. అక్కడే చిక్కు వచ్చి పడుతోంది.

హోదా ఉన్నా..

రేణిగుంట విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ 2015 అక్టోబరులో ప్రారంభమైంది. 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. అయినా విదేశీ సర్వీసులు స్థిరపడలేదు. దీంతో తిరుపతి, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి వాసులు చెన్నై మీనంబాక్కంనే నమ్ముకుంటున్నారు. తిరుపతి నుంచి అక్కడికి సుమారు 140 కి.మీ.

పడమటి మండలాల పరిస్థితి వేరు. 2008 మే 24న దేవనహళ్లిలో బెంగళూరు విమానాశ్రయం ప్రారంభమయ్యాక మదనపల్లె, పలమనేరు, కుప్పం వాసులు నగర రద్దీలోకి వెళ్లకుండానే అక్కడికి చేరుకోగలుగుతున్నారు. చిత్తూరు పట్టణానికి రెండూ ఇంచుమించు సమదూరమే.

రెండు టికెట్లతో ముప్పు

రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్టు, అక్కడి నుంచి అమెరికాకు మరో టికెట్టు కొనేవారున్నారు. పొగమంచు వల్లనో, సాంకేతిక లోపం వల్లనో తొలి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. టికెట్టు సొమ్ము మొత్తం పోయే ప్రమాదముంది. శంషాబాద్‌లో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే ఉచితం. ఆవకాయ జాడీలతో కలిపి రెండు పెద్ద పెట్టెలు సర్దుకున్నవారు అదనపు రుసుము చెల్లించక తప్పదు. ఆరంభం నుంచి గమ్యం వరకు ఒకే పీఎన్‌ఆర్ ఉంటే, మధ్యలో విమానం తప్పినా మరో విమానంలో పంపాల్సిన బాధ్యత సంస్థదే.

మార్గమధ్యంలో..

చెన్నై నుంచి దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా న్యూయార్క్ చేరవచ్చు. అబుదాబిలో 2014 జనవరి నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తిచేసే ఏర్పాటు ఉంది. అమెరికాలో దిగాక వరుసలో నిలబడే పని తప్పుతుంది. అయితే తనిఖీకి తగినంత వ్యవధి ఉండేలా విమానాన్ని ఎంచుకోవాలి. ఐరోపా మీదుగా వెళ్లేవారు ట్రాన్సిట్ వీసా నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

ఏ దారీ శాశ్వతం కాదు. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేయడంతో ఎన్నో విమానాలు దారి మళ్లాయి. 2021 జనవరిలో ఆర్భాటంగా మొదలైన హైదరాబాద్-షికాగో నేరు సర్వీసు నిలదొక్కుకోలేకపోయింది.

దిగేచోటూ ముఖ్యమే

టికెట్టుపై న్యూయార్క్ అని ఉంటే చాలదు. బిడ్డలు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటే నెవార్క్ విమానాశ్రయమే దగ్గర. జేఎఫ్‌కేలో దిగితే నగరాన్ని దాటి రావాలి. డల్లాస్ వంటి చోటుకు వెళుతూ న్యూయార్క్‌లో విమానం మారేవారు తొలిసారి దిగినచోటే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి తిరిగి అప్పగించాలి. జేఎఫ్‌కేలో దిగి లాగార్డియాలో ఎక్కాల్సిన టికెట్టును పెద్దలకు కొనకపోవడమే మేలు.

నాలుగు వేలు ఆదా అవుతాయని రెండు మూడు చోట్ల విమానం మార్పించడం కన్నా ఒకే టికెట్టు, ఒకే మార్పు, మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి పెద్దలకు శ్రేయస్కరం. చక్రాల కుర్చీని బుకింగ్ సమయంలోనే కోరాలి.

రేణిగుంట నుంచి గల్ఫ్‌కు ఒక్క సర్వీసు నడిచినా అర్ధరాత్రి కారు ప్రయాణం తప్పుతుంది. హోదా తెచ్చిన పాలకులు విమానాన్ని కూడా తెచ్చినప్పుడే ఆ పేరుకు సార్థకత.