గ్రూపు ఎంచుకునే ముందు

పదో తరగతి ఫలితాలు రాగానే తిరుమంగళం వైపు తెలుగు ఇళ్లలోనూ ఒకటే మాట: అప్పు చేసైనా పిల్లను ప్రైవేటు బడిలో ప్లస్ వన్‌కు చేర్చాలి. ఆ ప్రేమను తప్పుపట్టను. కానీ దానితో ఏం పోతుందో తల్లిదండ్రులకు ఎవరు చెప్తున్నారు?

తమిళనాడులో 6 నుంచి 12 వరకు ప్రభుత్వ బడిలో చదివినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం 2020 నుంచి కేటాయించారు. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయవిద్యకూ దాన్ని వర్తింపజేశారు. చివరి రెండేళ్లు బడి మారిస్తే ఆ హక్కు పోయినట్టే.

మన కుటుంబాలకు ఇంకో చిక్కుంది. తెలుగు మాట్లాడే అరుంధతీయులకు అక్కడ 2009 నుంచి ఎస్సీ కోటాలో 3 శాతం ప్రత్యేకం. క్రైస్తవులైతే మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేదు, బీసీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది అన్యాయమే, పోరాడదాం. అయితే ఆ తీర్పు వచ్చేదాకా పదిహేనేళ్ల పిల్ల ఆగలేదు. ఉన్న సర్టిఫికెట్‌తో ఏయే తలుపులు తెరుచుకుంటాయో తనకు ఇప్పుడే తెలియాలి.

సంఘంలో కాలేజీ చదివే అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నారు కదా. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చోండి. "డాక్టరవుతావా, ఇంజనీరవుతావా?" అని మొదలుపెట్టకండి, దయచేసి. ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదో అడగండి. మోటారు విప్పి బిగించే కుర్రాడికి పదో తరగతి తర్వాతే పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా చేస్తే, నేరుగా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ సంగతి వాళ్ల నాన్నకు కూడా చెప్పండి.